నీళ్లకు దమ్

"తెల్లారేసరికి ఈ నారు బతికించే దమ్ముందా నీకు?" అన్నాడు నాన్న. "లేకుంటే ఈ ప్లాస్టిక్ పందిరి పీకేస్తా. కర్నూలుకు పోయి ఉద్యోగం చూసుకో."

మార్చిలో ఎవరూ అనుకోని చలి. వడగళ్ల వానకు పందిరిలోని వేడి కొలిచే మీటరు పన్నెండు డిగ్రీలకు దిగింది. నా మూడు వేల బొప్పాయి మొక్కలు తలలు వాల్చాయి. లోపల నిప్పులు పెడితే పొగకే చస్తాయి.

పెళ్లిళ్లకు బిర్యానీ వండే జైనాబ్ బీ దగ్గరికి పరిగెత్తాను. మోకాళ్లు పోయాయని కొడుకు ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వక ఏడాదైంది.

"అవ్వా, వేడినీళ్లు నింపి పెడతా. నీ డేగిసాలు కావాల."

"ఊరికే పెడితే గంటలో సల్లారిపోతాయి మే. పద, నేనూ వస్తాండా."

బయట మరిగించిన నీళ్లను పందిరిలో పెట్టిన రెండు డేగిసాల్లో పోయించింది. ఆవిరి పోకుండా మూతల చుట్టూ గోధుమపిండి ముద్ద మెత్తింది.

నాన్న పగలబడి నవ్వాడు. "నీళ్లకు దమ్మేందమ్మా? తినేదెవురు?"

"నవ్వప్పా, నవ్వు. పొద్దున మాట్లాడదాం."

తెల్లారి మీటరు పదిహేడు చూపింది. ఒక్క మొక్కా చావలేదు. జైనాబ్ బీ పిండి పెళ్లగించి మూత ఎత్తింది. లేచిన ఆవిరికి నాన్న కళ్లద్దాలు మసకబారాయి.

"సూసినావా? దమ్ము యాడికీ పోలేదు!"

నాన్నను దెప్పుతోందనుకున్నాను. ఆమె చూపు మాత్రం, తనను వెతుక్కుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ కొడుకు మీద ఉంది.

"ఇప్పుడు సెప్పు పెద్దోడా, వచ్చే పెండ్లికి డేగిసా పొయ్యెక్కించేదెవురు?"