పై ఇసుక

"సార్, మీ రాయి."

వెంకటేశ్వరి అరచేతిలో ఉన్నదాన్ని చూసి భీమేశ్వరరావు ఉలిక్కిపడ్డాడు. వేల ఏళ్ల నాటి రాతి కత్తి. అంచు ఇంకా పదునుగానే ఉంది.

"ఎక్కడ దొరికిందమ్మా?"

"మీరు పారబోసిన ఇసకలోనే సార్."

తవ్వుతున్న తోటివాళ్లు నవ్వారు. భీమేశ్వరరావు నవ్వలేదు. ఆ ఇసుక ఎత్తి పారబోసింది తనే మరి!

అది తొంభై ఆరో సంవత్సరం. వారమంతా కువైట్ నగరంలోని షర్క్‌లో ఆఫీసు ఫైళ్లు, శుక్రవారం సెలవు వస్తే ఊరవతల కబ్ద్ దాటి ఎడారిలో తవ్వకం. జీతం లేదు, బలవంతం లేదు, ఇష్టంతో చేసే చాకిరీ. ఆదిమానవుడి పనిముట్లు కింది పొరలో ఉంటాయి. పైనున్న మూరెడు ఇసుక నిన్నా మొన్నా గాలి తెచ్చి పోసింది. దాన్ని ఎవరూ పట్టించుకోరు, ఎత్తి పక్కన కుప్ప పోస్తారు.

వెంకటేశ్వరి ఆ కుప్పనే జల్లెడ పట్టేది.

ఆవిడది రాయచోటి వైపు. కువైట్‌లో ఒక ఇంట్లో పనిమనిషి. యాభై దాటి ఉంటాయి. సెలవు రోజు వచ్చి అందరికీ ఊరికే టీ కాచిపెడతానంటే, తవ్వకం నడిపే ప్రొఫెసర్ సరేనన్నాడు.

టీ అయ్యాక గిన్నెలు కడిగేసి, ఆ మండుటెండలో కుప్ప ముందు చతికిలబడేది. రాళ్లు దొరికితే తెచ్చిచ్చేది. వాటి వైపు రెండోసారి చూసేది కాదు.

మరి దేనికోసం? ఈ ప్రశ్న భీమేశ్వరరావు బుర్ర తొలిచేసింది. కొంపదీసి బంగారమా!

ఓ శుక్రవారం ఆవిడ ఏదో తీసి చున్నీ కొసన ముడేసుకోవడం కళ్లారా చూశాడు.

"ఏంటమ్మా అది? విప్పు."

"ఏం లేదు సార్."

"విప్పమంటన్నానా!"

విప్పింది. చొక్కా బొత్తాం. మామూలు ప్లాస్టిక్‌ది.

అందరూ గొల్లుమన్నారు. సాటి తెలుగువాడిగా తన పరువే గంగలో కలిసినట్టయింది అతనికి. ఆ బొత్తాన్ని లాక్కుని దూరంగా ఇసుకలోకి విసిరేశాడు.

"ఇక్కణ్ణించి ఇసక రేణువు కూడా బయటికి పోకూడదని రూలు. తెలీదేంటి నీకు? ఇంక రావద్దు."

"ఆ కుప్ప సగమే అయ్యుండాది నాయనా. ఇంగొక్క శుక్రారం. నీ కాళ్లు పట్టుకుంటా."

"ఏం వెతుకుతున్నావో చెప్పు, ఉండనిత్తాను."

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"నోటితో అంటే నిజమైపోతాది నాయనా. ఇన్నాళ్లూ అన్లే."

అతనికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. సిటీకి వెళ్తున్న వ్యానులో ఎక్కించి పంపేశాడు.

మరుసటి శుక్రవారం, దారికి అడ్డమని ఆ కుప్పను రోడ్డు పనివాళ్ల లారీకి ఎత్తించేశాడు. పీడ వదిలిందనుకున్నాడు.

వదల్లేదు.

కుప్ప ఉన్న చోటికి వెళ్తే చాలు, వెనక జల్లెడ పడుతున్న చప్పుడు. తిరిగి చూస్తే ఖాళీ నేల. గాలేమోనని సర్దిచెప్పుకున్నాడు. గాలి లేని రోజు కూడా వినిపించింది. తను ఉండే ఫర్వానియాలో పక్కింటివాళ్లు పిండి జల్లిస్తున్నా గుండె ఝల్లుమనేది. మూడు శుక్రవారాలు తిరిగేసరికి తవ్వకానికి వెళ్లాలంటేనే భయం పుట్టింది.

నాలుగో శుక్రవారం, ఒళ్లంతా కప్పే నల్లటి అబాయాలో ఒక పెద్దావిడ కారు దిగింది. వెంకటేశ్వరి పనిచేసే ఇంటి యజమానురాలట. వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది.

"వెంకటేశ్వరి మంగళవారం ఆసుపత్రిలో పోయింది. మిగిలిన సగం జల్లించమని నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ ఇసుక ఎక్కడుంది?"

భీమేశ్వరరావు రోడ్డు వైపు చెయ్యి చూపించాడు.

"లారీలో... రోడ్డు కింద పోసేశారు మేడమ్."

ఆవిడ ఉన్నచోటే కూలబడింది. ఏడవలేదు. అది చూసి అతనికి ఇంకా భయమేసింది.

"ఆ బొత్తాం... ఆవిడ వెతికింది తన తాలూకు మనిషి కోసమా మేడమ్?"

"కాదు. ఆమెకు పిల్లాజెల్లా ఎవరూ లేరు. నా కొడుకు కోసం. తొంభైలో ఇరాక్ సైనికులు ఇంటికొచ్చి పట్టుకెళ్లారు. ఇటువైపే తెచ్చారని ఒక గొర్రెల కాపరి చెప్పాడు. రెండేళ్లు వెతికి, ఖలాస్ అనుకున్నాను నేను."

భీమేశ్వరరావు తను బొత్తాం విసిరేసిన వైపు చూశాడు.

"ఆ రోజు వాణ్ణి ఈడ్చుకుపోతుంటే నేను ప్రాణభయంతో తలుపు వెనక దాక్కున్నాను," అంది కన్నతల్లి. "వాడు నా కొడుకు, వదిలేయండని అరుస్తూ జీపు వెంట పరుగెత్తింది ఆమే."