తిందా?

"అది మీకొద్దమ్మా."

వెనకనుంచి వచ్చిన మాటకు ఎల్జెట్, ఆమె భర్త వెస్సెల్ ఇద్దరూ తిరిగి చూశారు.

దక్షిణాఫ్రికా నగరం బ్లూమ్‌ఫోంటేన్‌లోని ఆ పాముల దుకాణానికి వాళ్లు రావడం అదే మొదటిసారి. బొచ్చున్న జంతువు దగ్గరికొస్తే ఎల్జెట్‌కి ఆయాసం. కరెంటు లైన్ల పనిమీద వెస్సెల్ నెలకు మూడు వారాలు ఊళ్లు పట్టుకు తిరుగుతాడు. ఇంట్లో ఆమెకో తోడు కోసం వెతికి వెతికి, ఆఖరికి పాము దగ్గర ఆగారు.

"ఎందుకొద్దు? పసుపుపచ్చగా ఎంత ముద్దుగా ఉందో!" అన్నాడు వెస్సెల్.

"ముద్దుగానే ఉంటుంది బాబూ. తిండి దగ్గరే మహా పేచీ."

డెబ్బై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, మెడదాకా గుండీలు.

"పగలు ఇంట్లో ఎవరుంటారు?"

"నేనే ఊమ్," అంది ఎల్జెట్, పెద్దవాళ్లను అక్కడ పిలిచే పిలుపుతో.

"రేడియో పెడతావా?"

"పొద్దస్తమానం మోగుతూనే ఉంటుంది."

"పాటలంటే ఇష్టమా?"

"పాటల కోసం కాదు..." ఆమె నవ్వేసి ఊరుకుంది.

ఆయన ఆమెకేసి ఒక్క క్షణం చూసి, కింది అరలో మూలనున్న పెట్టె దగ్గరికి తీసుకెళ్లాడు.

నలుపు మీద గోధుమరంగు మచ్చలు. చిన్న జాతి కొండచిలువ. చుట్టచుట్టుకుని బంతిలా పడుంది.

"ఆడది. పదకొండేళ్లు. ఇంకో ఇరవయ్యేళ్లు హాయిగా బతుకుతుంది. ఇంతవరకూ ఎవర్నీ కరవలేదు."

"పాత సరుకు అంటగడుతున్నాడు," గొణిగాడు వెస్సెల్.

కౌంటర్ దగ్గర యజమాని గాజుపెట్టెకే బిల్లు వేశాడు. "పాము ఊరికే," అన్నాడు.

"చూశావా, వదిలించుకుంటున్నారు!" అని వెస్సెల్ భార్యను మోచేత్తో పొడిచాడు.

పెట్టె బిగించడానికి శనివారం ఆ పెద్దాయనే ఇంటికి వచ్చాడు. పేరు గావీ అన్నాడు.

"కిటికీ పక్కనా? ఎండ పడితే గాజులో ఉడికిపోతుంది."

పెట్టె గోడవారకు జరిగింది. ఒక చివర వెచ్చగా, రెండో చివర చల్లగా ఉండేలా సర్దాడు. రెండువైపులా చెరో గూడు పెట్టాడు.

"ఇంత ఇరుకు గూడెందుకు ఊమ్?"

"ఇరుకే కావాలి తల్లీ. ఒంటికి అన్నివైపులా ఏదో ఒకటి తగులుతుంటేనే దానికి ధైర్యం."

మూత గొళ్లెం మూడుసార్లు వేసి, తీసి చూశాడు.

"వారం దాకా ముట్టుకోకు. తిండి పెట్టకు. ఇల్లు మారితే ఆకలి చచ్చిపోతుంది."

పని అయిపోయింది. టీ అయిపోయింది. రస్కులూ అయిపోయాయి. ఆయన మాత్రం లేవలేదు.

వెస్సెల్ కారు తాళాలు గలగలలాడించాడు.

"వస్తాను," అని లేచి, ఎల్జెట్ ఫోన్ నంబరు రాసుకున్నాడు గావీ.

వారం తిరిగాక, ఆదివారం నాలుగింటికి ఫోన్ మోగింది.

"తిందా?"

"తింది ఊమ్. ఎలుకను ఒక్క గుటకలో!"

"మంచిది, మంచిది." అవతల ఎవరో దగ్గుతున్నారు. "మరి నువ్వు తిన్నావా?"

ఎల్జెట్ ఫక్కున నవ్వింది. ఆ మాట ఆమెను ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో!

ఆ తర్వాత ప్రతి ఆదివారమూ అంతే. కుబుసం విడిచిందా, నీళ్లు మార్చావా, గొళ్లెం గట్టిగానే ఉందా. ఆ ఫోన్ నంబరును ఆమె 'పాముల షాపు' అని దాచుకుంది.

అయిదో ఆదివారం వెస్సెల్ ఇంట్లోనే ఉన్నాడు. ఫోన్ అతనే లాక్కున్నాడు.

"పెద్దాయనా, పాము మాకిచ్చేశారు, అయిపోయింది. వారం వారం ఈ నస ఏంటి? ఇంకోసారి చేస్తే మీ ఓనరుకి చెప్తా."



"తప్పయింది బాబూ," అని పెట్టేశాడు.

"పాపం, ముసలాయన..." అనబోయింది ఎల్జెట్. అనలేదు.

వెస్సెల్ మళ్లీ పనిమీద వెళ్లిపోయాడు. ఆదివారాలు వచ్చాయి, పోయాయి. నాలుగింటికి ఫోన్ మోగలేదు. రెండుసార్లు ఆమె రేడియో కట్టేసి మరీ కూర్చుంది. తనే చేద్దామనుకుంది; ఏ మొహం పెట్టుకుని చెయ్యాలో తెలియలేదు.

జూన్‌లో అక్కడి చలికాలం మొదలయ్యాక పాము తినడం మానేసింది. ఒక వారం, రెండు వారాలు, మూడు. గూట్లోంచి తల కూడా బయట పెట్టలేదు.

ఎల్జెట్ దుకాణానికి పరుగెత్తింది.

"చలికాలం ఇవి కొన్నాళ్లు తినవమ్మా. మామూలే," అన్నాడు యజమాని.

"ఒక్కసారి మీ గావీగారితో మాట్లాడతాను. ఆయనకు క్షమాపణ కూడా చెప్పుకోవాలి."

"మా గావీ ఏంటి? ఆయన నా దగ్గర పనిచెయ్యలేదే!"

"మరి పెట్టె బిగించడానికి మా ఇంటికొచ్చాడు కదా!" అంది ఎల్జెట్.

"ఆ పాము ఆయనదే. భార్య పోయాక దాంతోనే ఉన్నాడు. వృద్ధాశ్రమంలో జంతువుల్ని రానివ్వరని నా దగ్గర పెట్టాడు. నెలరోజులు ఇక్కడే నిలబడి, వచ్చేపోయేవాళ్లను చూశాడు. ముగ్గుర్ని వద్దని పంపేశాడు. మిమ్మల్ని చూసి ఇవ్వమన్నాడు."

కారులో కూర్చుని ఎల్జెట్ ఆ 'పాముల షాపు' నంబరుకు ఫోన్ చేసింది.

ఎవరో ఆడమనిషి ఎత్తింది. "వృద్ధాశ్రమం. చెప్పండి."

"గావీగారిని పిలుస్తారా? ఆయన పాము మా ఇంట్లో ఉంది..."

"అయ్యో, మీరా? ఆయన పోయి పదిరోజులైందమ్మా. చెప్పడానికి ఎవరి నంబరూ దొరకలేదు. మీరు ఆయనకేమవుతారు?"

"ఏమీ కాను," అంది ఎల్జెట్.

"అదేంటమ్మా, ఆదివారం నాలుగైతే చాలు, 'జరగండి, మా ఇంటికి ఫోన్ చేసుకోవాలి' అని అందర్నీ తోసుకుని వచ్చేవాడే, ఆ ఇల్లు మీది కాదా?"