పంతొమ్మిదో కార్డు

"లాగకు. దారం బిగిస్తే కాగితం చిరుగుతుంది," అంది రిస్పర్ టీచర్.

అపోండి చెయ్యి ఆగిపోయింది.

సరస్సు ఒడ్డున ఉన్న ఆడవాళ్ల జైల్లో మంగళవారం అంటే కార్డుల క్లాసు. నీళ్లలో అడ్డూ అదుపూ లేకుండా పెరిగే గుర్రపుడెక్కను తెచ్చి, ఉడికించి, దంచి, ఖైదీలే కాగితం చేస్తారు. ఆ దళసరి కాగితం మీద ముందు సూదితో రంధ్రాలు గుచ్చుకోవాలి. తర్వాత రంగుదారంతో బొమ్మ కుట్టాలి. పుట్టినరోజు కార్డులు, పెళ్లి కార్డులు, క్రిస్మస్ కార్డులు. కిసుము పట్నం బజార్లో బాగానే అమ్ముడుపోతాయి.

రిస్పర్ టీచర్ ఎక్కడో బడిలో కుట్లు నేర్పి రిటైరైన మనిషి. చర్చి తరఫున వస్తుంది. జీతం లేదు. నవ్వు అసలే లేదు.

"బట్ట మీద తప్పు కుడితే విప్పుకోవచ్చు. నాలుగు ఉతుకులకు రంధ్రం పూడిపోతుంది. కాగితం మీద పూడదు. గుచ్చేముందే ఆలోచించుకోండి," అని మొదటిరోజే చెప్పింది.

ఆలోచించకుండా చేసిన పనికే అపోండి అక్కడికి వచ్చింది. చేపల రేవుకు పడవ రాగానే ముందు నేనంటే నేనని ఆడవాళ్లు తోసుకోవడం మామూలే. ఆ రోజు అకోత్ అనే అమ్మాయి అపోండి బుట్టను కాలితో తన్నింది. అపోండి రెండు చేతులతో ఆమెను తోసేసింది. అకోత్ తల పడవ అంచుకు తగిలింది. మళ్లీ లేవలేదు.

కోర్టు తొమ్మిదేళ్లు వేసింది. వాయిదాలకు అకోత్ మేనమామ వచ్చేవాడు. తల్లి ఒక్కసారి కూడా రాలేదు.

కుట్టు చేతికి వచ్చాక అపోండి తన మొదటి కార్డును అమ్మకానికి ఇవ్వలేదు. లోపల నాలుగు మాటలు రాసి టీచర్ ముందు పెట్టింది.

"ఇది అకోత్ వాళ్లమ్మకు టీచరమ్మా. మామా అకోత్, అంటే అకోత్ అమ్మ అనే పిలుస్తారంతా, అసలు పేరు నాకు తెలీదు. మీ చర్చి వైపే ఉంటుందట. ఆవిడ మీకు తెలుసా?"

టీచర్ కార్డును చేతిలోకి తీసుకుంది.

"తెలుసు."

"ఇస్తారా?"

"చేరుతుంది."

అప్పటినుంచి నెలకో కార్డు. ఆకులు, మందారాలు, కొంగలు. టీచర్ ఎన్నడూ మెచ్చుకోలేదు. కుట్టు వంకరపోయిందని రెండుసార్లు తిప్పి ఇచ్చింది. ఒకసారి అపోండి పడవ బొమ్మ కుట్టి తెస్తే, క్లాసులో అందరి ముందూ నాలుగు ముక్కలు చేసింది.

"పడవ వద్దు. ఇంకేదైనా కుట్టు."

"నాకు బుద్ధి లేదు టీచరమ్మా," అని అపోండి తల కొట్టుకుంది. "ఆ తల్లికి పడవ పంపబోయానే!"

ప్రతి నెలా అదే ప్రశ్న. "ఆవిడ ఏమైనా అందా?"

"ఏమీ అనలేదు."

పక్క మంచం నెకేసా పగలబడి నవ్వేది. "ఇన్ని కార్డులు నా మొగుడికి పంపి ఉంటే, నన్ను పట్టించినవాడే వచ్చి మళ్లీ పెళ్లాడేవాడు!"

"నీ మొగుడికి చదువొచ్చా?"

"బొమ్మలు చూసుకుంటాడులే!"

రెండో ఏడు జైలు మేడమ్ అపోండిని పిలిపించింది. "క్షమాభిక్ష కమిటీ వస్తోంది. నీ నడవడిక మీద మచ్చ లేదు. ఆ అమ్మాయి తల్లి తనకు అభ్యంతరం లేదని ఒక్క ముక్క రాసిస్తే వచ్చే నెల ఇంటికి పోతావు."

అపోండి మూడు వారాలు ఒకే కార్డు కుడుతూ కూర్చుంది. ఒక కొంగ, దాని రెక్క కింద పిల్ల. ఈకకు ఈక వేరువేరుగా కుట్టింది. లోపల ఇలా రాసింది: "అమ్మా, నాకూ కూతురుంది. నేను ఇక్కడికి వచ్చేటప్పటికి పాలు తాగే పిల్ల. ఇప్పుడు మా చెల్లెల్ని అమ్మా అని పిలుస్తోందట. అడిగే మొహం నాకు లేదు. అయినా అడుగుతున్నాను."

టీచర్ అది చదివి కళ్లద్దాలు తీసింది.

"నీకు కూతురుందా?"

"మూడో ఏడు నడుస్తోంది."

టీచర్ కార్డు మడిచి సంచిలో పెట్టుకుంది.

"గడువు లోపల చేరుతుందా టీచరమ్మా?"

"ఇవాళే చేరుతుంది."

కమిటీ వచ్చింది. కాగితాలు తిరగేసింది. తల్లి రాసిన ఉత్తరం వాటిలో లేదు. అపోండి పేరు కొట్టేసి వెళ్లిపోయింది.

ఆ మంగళవారం క్లాసులో నెకేసా ఊరుకోలేదు. "రాతిగుండె మనిషి! పద్దెనిమిది కార్డులు తిన్నది, ఒక్క ముక్క కక్కలేకపోయిందా? ఆ మామా అకోత్ నా కంటపడాలి, చెప్తాను!"

"నోరు ముయ్యవే," అంది అపోండి. "బిడ్డను పోగొట్టుకుంది ఆవిడ. నువ్వూ కాదు, నేనూ కాదు."

టీచర్ సూదిలోకి దారం ఎక్కిస్తోంది. ఎంతకీ ఎక్కలేదు.

క్లాసు అయిపోయాక అపోండి ఇంకో కార్డు తెచ్చింది. అది పంతొమ్మిదోది. ఈసారి అందులో ఏమీ అడగలేదు. మీ ఆరోగ్యం ఎలా ఉంది, వానలు పడుతున్నాయా అని రాసింది, అంతే.

"ఒక్కటి చెప్పండి టీచరమ్మా. ఆవిడ వీటిని చదువుతుందా, విప్పకుండానే పారేస్తుందా?"

"చదువుతుంది," అంది టీచర్. "ప్రతి అక్షరం."

అపోండి మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. కమిటీ కాదన్నరోజు కూడా అలా ఏడవలేదు. "చాలు. నాకది చాలు. మీ మేలు చచ్చినా మరిచిపోను," అంటూ టీచర్ చేతులు పట్టుకుంది. టీచర్ మెల్లగా చేతులు విడిపించుకుని గేటు వైపు నడిచింది.

ఇంటికి వెళ్లాక రిస్పర్ టీచర్ ఆ కార్డును రెండుసార్లు చదివి, మిగతా పద్దెనిమిదింటితో పాటు పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవిని గోడ మీద ఉన్న తన కూతురు అకోత్ ఫొటో వెనక దాచింది.