పెద్ద బండి, చిన్న బండి

"నాకు రాదు పో!" అంటూ ప్రిన్సీ కొత్త బండి టైరును తన్నింది.

బండి మెట్టు ఆ నాలుగేళ్ల పిల్ల నడుం దాకా ఉంది. ఎంత ఎగిరినా కాలు అందలేదు.

నంగలి దాటాక హైవే పక్కన కాఫీ హోటల్ అది. పిల్ల అమ్మానాన్నలు నాన్సీ, రాయ్ చిత్తూరులో పెళ్లి చూసుకొని, కోలార్ బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌కు తిరిగి పోతున్నారు.

పక్కన నిలిపిన బండి తలుపు తెరిచి ఉంది. అదే కంపెనీ, అదే తెలుపు, అదే ముఖం. కాకపోతే ఒక సైజు చిన్నది. ప్రిన్సీ అందులోకి గబుక్కున ఎక్కేసి చప్పట్లు కొట్టింది.

"ఇదే బాగుండాది డాడీ! నేనే ఎక్కినా!"

పంచె కట్టుకున్న పెద్దాయన ఒకడు కాఫీ గ్లాసుతో వచ్చాడు.

"కూర్చోనీలేమ్మా. రెండూ అన్నదమ్ములే కదా. మీది కొండలెక్కే అన్న. నాది తమ్ముడు, ఉత్త కారు మాదిరి. రోడ్డు దిగితే ఏడుస్తాడు."

"ఈ బండి మీదా?" నాన్సీ నమ్మలేనట్టు అడిగింది.

"నాదే తల్లీ. మాస్తి దగ్గర మామిడితోట ఉండాది."

రాయ్‌కి హుషారు వచ్చింది. "మా దానికి అడుగున లారీ మాదిరి ఇనప చట్రం ఉండాది పెద్దాయనా. గుంతలో దించినా, గుట్ట ఎక్కించినా లెక్కలేదు."

"నడుం నొప్పోళ్లకు తమ్ముడే మేలప్పా!" అని నవ్వి, పెద్దాయన పిల్ల చేతిలో చాక్లెట్ పెట్టాడు. బుగ్గ నిమిరాడు.

పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాల గురించి ఫోన్‌కు వచ్చిన వీడియోలన్నీ నాన్సీ కళ్ల ముందు తిరిగాయి. ఆ పంచెకూ ఆ బండికీ పొంతనే కుదరలేదు.

పిల్లను లాక్కొచ్చి పెద్ద బండి చివరి సీట్లో పడుకోబెట్టింది. తల కింద దిండు, పక్కన బొమ్మ పెట్టి షాల్ కప్పింది. రాయ్ బిల్లు కడుతుంటే, గాలి ఆడాలని తలుపు తెరిచి ఉంచి, చేతులు కడుక్కోవడానికి పోయింది.

తిరిగి వచ్చేసరికి షాల్ కింద చిన్న గుట్ట. అంచున బొమ్మ జుట్టు.

"నిద్రపోయినట్లుండాది. మెల్లగా పో," అని రాయ్‌తో చెప్పి తలుపు మూసింది.

బేతమంగళ రోడ్డు పట్టాక రాయ్ అద్దంలోకి రెండుసార్లు చూశాడు.

"ఆ ముసలోడు వెంట వస్తాండాడు."

నాన్సీ తిరిగి చూసింది. చిన్న బండి లైట్లు కొడుతూ, ఆపకుండా హారన్ మోగిస్తూ మీదికి వస్తోంది. కిటికీలోంచి చేయి బయటపెట్టి ఏదో ఎర్రగా ఊపుతున్నాడు.

"ఆపమంటాండాడు. ఆపొద్దు రాయ్, నీ కాళ్లు పట్టుకుంటా!"

"నాకేమన్నా పిచ్చా? ముందర ఇంకెవరు కాచుకొని ఉండారో!"

చిన్న బండి పక్కకు రాబోయింది. రాయ్ స్టీరింగ్ తిప్పి దారి మూశాడు. అది తోవ దిగబోయి, తడబడి, మళ్లీ వెంటపడింది.

నాన్సీ వెనక్కి తిరిగి అరిచింది.

"ఎయిర్ బ్లాస్ట్, ప్రిన్సీ! ఎయిర్ బ్లాస్ట్!"

గనులు నడిచిన రోజుల్లో లోతున బండ పేలి నేల అదిరితే, కేజీఎఫ్ కార్మికుల ఇళ్లలో తల్లులు అలాగే అరిచి పిల్లల మీద కంబళి కప్పేవాళ్లు. గండం గడిచిందన్న గుర్తుగా "బెల్ కొట్టినారు" అనేదాకా పిల్ల కదలకూడదు, నోరు మెదపకూడదు. గనులు మూతపడ్డాక నాన్సీ ఇంట్లో అది ఆటగా మిగిలింది. ఆ ఆటంటే ప్రిన్సీకి ప్రాణం.

షాల్ కదల్లేదు.

నా బంగారు తల్లి, అనుకుంది నాన్సీ.

ఎదురుగా గని మట్టి దిబ్బలు కనిపించాయి. బంగారం తీసేసి పారబోసిన బూడిదరంగు గుట్టలు. రాత్రి వానకు నాని ఉన్నాయి.

"తమ్ముడు రోడ్డు దిగితే ఏడుస్తాడన్నాడు కదా," రాయ్ పళ్లు బిగించాడు. "ఏడవనీ!"

రోడ్డు దిగాడు. పెద్ద బండి గుర్రుమంటూ మట్టిని చీల్చుకుని పైకెక్కింది. నాన్సీ సిలువను పిడికిట్లో బిగించి కళ్లు మూసుకుంది.

చిన్న బండి వెనక్కి తగ్గలేదు. అదీ ఎక్కింది. సగం దాకా వచ్చింది. చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. బండి పక్కకు జారింది, ఒరిగింది, దొర్లుకుంటూ పోయి వానకోత పడిన గండిలో వెల్లకిలా పడింది.

హారన్ ఒక్కసారి మోగి ఆగిపోయింది.

రాయ్ బండి ఆపి స్టీరింగ్ మీద తల వాల్చాడు. "బతికినాం."

నాన్సీకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "బెల్ కొట్టినారు ప్రిన్సీ! లెయ్ తల్లీ!"

షాల్ కదల్లేదు.

"బెల్ కొట్టినారమ్మా..."

వెనక్కి పాకి షాల్ లాగింది.

బొమ్మ. దిండు. పక్కన ప్రిన్సీ ఎర్ర చెప్పు, ఒక్కటే.

తెరిచి ఉంచిన తలుపులోంచి పిల్ల దిగి, తనకు అందే చిన్న బండిలోకే మళ్లీ ఎక్కేసిందనీ, రెండో చెప్పు ఎవరి చేతిలో ఊగిందో నాన్సీకి అప్పుడు తెలిసింది.

ఇద్దరూ దిబ్బ మీది నుంచి పడుతూ లేస్తూ పరిగెత్తారు. రాయ్ పగిలిన అద్దంలోంచి లోపలికి దూరాడు.

పెద్దాయన స్టీరింగ్ దగ్గర లేడు. సీట్ల మధ్య బోర్లా వంగి ఉన్నాడు. తల వెనక భాగం నెత్తురు మడుగు. ఒంట్లో ఊపిరి లేదు.

ఆయన ఛాతీ కింద రెండు కళ్లు మిలమిలలాడాయి. ప్రిన్సీ ఒంటి మీద గీత కూడా పడలేదు.

"బండి ఊగితే నేనే అరిచినానమ్మా, ఎయిర్ బ్లాస్ట్ అని," గుసగుసగా అంది. "తాత కంబళి మాదిరి కప్పుకున్యాడు."

నాన్సీ పగిలిన కిటికీలోంచి పిల్ల కోసం చేతులు చాచింది.

"బెల్ కొట్టినారని తాతకు చెప్పమ్మా, ఇంగా లేవలేదు."