కార్జంలో నీటిబుగ్గలు

ఒక గొర్రెలదొడ్లో భైరిగాడనే కుక్క ఉండేవాడు. చందమామను చూసినా అప్పడమనుకుని లొట్టలేసేంత ఆకలి వాడిది. ఒకనాడు కాపరి గొర్రెను కోసి, నీటిబుగ్గలున్న కార్జాన్ని వాడి ముందు పడేశాడు.

"ముట్టకురా!" అంది ముసలిమేక. "ఆ బుగ్గల్లో కంటికానని పురుగులు కోటి ఉన్నాయి. నీ పేగుల్లో చేరి గుడ్లు పెడతాయి."

"నా పొట్ట బండరాళ్ళనే అరిగిస్తుంది, మేకత్తా!"

"నీకేం కాదులే. ఆ గుడ్లు నీ పెంటతో బయటికొచ్చి నీ బొచ్చుకంటుకుంటాయి. నిన్ను వాటేసుకునే కాపరి కూతురి చేతికీ, నోటికీ చేరతాయి. తర్వాత ఆ పిల్ల కార్జంలో ఇవే బుగ్గలు లేస్తాయి."

అంతలో పిల్ల చేతులు చాపి, "భైరీ!" అని పిలిచింది.

భైరిగాడు పాతాళం కనబడేంత గొయ్యి తవ్వి, కార్జాన్ని పూడ్చి, దానిమీద కూర్చున్నాడు. మందంతా నెమరు మరిచి చూసింది. వాడి చొంగ ఏరై పారుతోంది గానీ, వాడు లేవలేదు.