నలభై ఒకటో నంబరు చేయి

“నలభై ఒకటి ఎవరిది?”

మేనేజరు సుతిస్నా బల్లమీద పెట్టిన బాష్పవాయువు డబ్బా అడుగున ఆ నంబరు ముద్ర స్పష్టంగానే ఉంది. తనిఖీ గదిలోని ఎనిమిదిమంది ఆడవాళ్లూ తలలు దించుకున్నారు. ఎవరి ముద్ర ఏదో అందరికీ తెలుసు.

“నాదే సార్,” అంది ఎంతిన్.

“మొన్న కాలేజీ ముందు ధర్నా చేస్తున్న విద్యార్థుల మీద పేలిస్తే పొగ రాలేదట. విప్పి చూశాం. లోపల మందే లేదు! విదేశాల నుంచి కొనుక్కునే ఖర్మ తీరిందని మంత్రిగారు రాజధాని నుంచి మన బాండుంగ్ దాకా వచ్చి మెచ్చుకుని వెళ్లి నెల కాలేదు. ఇప్పుడు పోలీసులు నవ్వుతున్నారు.”

“రంజాన్ కదా, డబ్బా కూడా ఉపవాసం ఉందేమో సార్,” అంది వెనక నుంచి తోటి పనామె ఓదా. ఎవరో కిసుక్కుమన్నారు.

పంతొమ్మిదేళ్లుగా ఎంతిన్ ప్రతి డబ్బానీ కుడి అరచేతిలో తూచి, బరువు సరిపోతేనే ముద్ర వేసేది. తప్పు చెప్పని చేయి అని దానికి పేరు. ఆ చేతిని ఇప్పుడు తలగుడ్డ చెంగు కింద దాచుకుంది.

“పోయిన శుక్రవారం సార్... సాయంత్రం మసీదు నగారా మోగింది. ఉపవాసం విడవడానికి కుడిచేత్తో ఖర్జూరం తీసుకున్నాను. ఎడమచేత్తో తినకూడదు కదా. ఆఖరి డబ్బాకి తూచకుండానే ఎడమచేత్తో ముద్ర కొట్టేశాను.”

“అంతేనా?” సుతిస్నా డబ్బాను పక్కకి తిప్పాడు. దానికి అతికించిన కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలు: ‘నలభై ఒకటో నంబరు చేయీ, నీకు దండం. నువ్వు మా మనిషివి.’

“ఆ విద్యార్థులు వాళ్ల ధర్నా గుడారం ముందు దీనికి మల్లెదండ వేసి పెట్టుకున్నారట. పోలీసులు లాక్కొచ్చి మనకి పంపారు. నువ్వు కావాలనే ఖాళీది పంపావని పైవాళ్ల అనుమానం. అదే నిజమైతే ఉద్యోగంతో పోదమ్మా, జైలుదాకా పోతుంది.”

ఎంతిన్‌కి తప్పు చేసినందుకు సిగ్గు. ఆ దండం చదివినప్పుడు క్షణంపాటు లోపలెక్కడో వెచ్చగా అనిపించినందుకు అంతకన్నా సిగ్గు.

“నా ఒక్కగానొక్క కూతురు రిస్మా మీద ఒట్టు సార్! వాళ్లెవరో నాకు తెలీదు. ఇక నా చేతిమీదుగా పొగ రాని డబ్బా ఒక్కటి కూడా బయటికి పోదు.”

సుతిస్నా ముద్ర కొట్టే దిమ్మను ఆమె వైపు జరిపాడు.

“సరే. ఆ కాగితం పీకి చెత్తబుట్టలో పడేసి పనిలో కూర్చో. రేపటికి రెండువేల డబ్బాలు వెళ్లాలి. మళ్లీ ఆ కాలేజీకే.”

ఎంతిన్ అలవాటు కొద్దీ డబ్బాను కుడి అరచేతిలోకి తీసుకుంది. ఎంత తేలికో! గోటితో అంచు లేపి కాగితం పీకింది.

వెనకవైపు తన చేతిరాతే ఉంది, కూతురికి రాసిచ్చిన సరుకుల చీటీ: ‘రిస్మా, అరటిపళ్లు, కొబ్బరిపాలు, తాటిబెల్లం. ఉపవాసం విడిచే వేళకి ఇంటికొచ్చెయ్.’