మట్టి తోవ సెట్టింగ్

"డాంబరు రోడ్డు వాళ్ళదైతే చెరుకు తోటల తొవ్వ నాది. ఎవడు ఆపుతడో సూస్త!"

రాజారాం తన ట్రాలీ ఆటోను లింబయ్య మెకానిక్ షెడ్డు ముందు ఆపి అన్న మొదటి మాట అది.

రాష్ట్రంలో మందు బందై ఏడాది కావస్తోంది. బంద్ సర్కారుకే గానీ రాజారాంకు కాదు. మహారాష్ట్ర నుంచి సీసాల పెట్టెలు తెచ్చి రెంజల్ పల్లెల్లో అమ్ముతున్నాడు. రోడ్డు మీద ఆడవాళ్ళు చీపుర్లు పట్టుకుని కాపలా ఉంటున్నారు. సరే, రోడ్డు వద్దనుకుని ఆటోకు గుబ్బల టైర్లు వేయించాడు. తీరా బురదలోకి దిగాక ఇంజనుకు దమ్ము చాలడం లేదు.

బోధన్ మొత్తంలో ఆ దమ్ము పోయగలిగినవాడు లింబయ్య ఒక్కడే.

"పెద్ద కార్బురేటర్ ఎక్కిస్త," అన్నాడు లింబయ్య. "తొవ్వ ఏది? బరువెంత? ఎక్కుడు ఎక్కడొస్తది? తొవ్వను బట్టే సెట్టింగ్."

వైద్యుడి దగ్గరా మెకానిక్ దగ్గరా దాపరికం పనికిరాదు. రాజారాం అంతా చెప్పేశాడు. శనివారం పొద్దున, పది పెట్టెలు, వాగు దాటి, చివరికి కాలువ కట్ట ఎక్కాలి. కట్ట ఎక్కితే ఊళ్ళో పడ్డట్టే.

అంతలో లింబయ్య పెళ్ళాం భీమవ్వ సద్ది పట్టుకుని వచ్చింది. వెంట నలుగురు బీడీలు చుట్టే ఆడవాళ్ళున్నారు. చీపుర్ల దండుకు ఆమే పెద్ద.

"మా తమ్ముణ్ణి మింగిన మందు మోసేది గీ బండే. దీనికి పానా పెడితే నా గడప తొక్కకు!"

"సచ్చినోడు తిరిగొస్తడా? పానా నాది, పని నాది. నువ్వు నడువు," అన్నాడు లింబయ్య తలెత్తకుండా.

భీమవ్వ సద్ది గిన్నెను బజార్లో విసిరికొట్టింది. అన్నం దుమ్ములో పడింది. రాజారాంకు ఎక్కడలేని సంబరం.

"మొగోడంటే నువ్వే లింబన్నా!"

రెండు రోజులు పట్టింది. లింబయ్య పాత కార్బురేటర్ ఊడదీసి, మోటార్ సైకిల్‌ది పెద్దది బిగించాడు. పెట్రోలు చిమ్మే జెట్ మార్చాడు. బండిని పరుగెత్తించి, ప్లగ్గు విప్పి మసి రంగు చూశాడు. నచ్చలేదు, మళ్ళీ మార్చాడు. మూడోసారికి ప్లగ్గు వేయించిన చింతగింజ రంగుకొచ్చింది. చివరగా లోపల పెట్రోలు మట్టాన్ని ఆపే ఫ్లోటు నాలుకను కొంచెం వంచాడు.

"గదెందుకన్నా?"

"కుదుపులకు పెట్రోలు పొంగకుండ. మట్టి తొవ్వకు గిట్లనే ఉండాలె."

దమ్ము చేసిన మడిలో తోలి చూశారు. మోకాటి లోతు బురదను చీల్చుకుంటూ పోయింది బండి. రాజారాం ఈల వేశాడు.

"శనివారం నువ్వు గూడ ఎక్కు లింబన్నా. ఏమన్నయితే నువ్వుంటవ్."

లింబయ్య కాదనలేదు.

శనివారం పొద్దున పది పెట్టెలతో బండి చెరుకు తోటల్లోంచి ఉరికింది. పెట్టెల మీద లింబయ్య కూర్చున్నాడు. వాగును బండి లెక్కే చేయలేదు. ఎదురుగా కాలువ కట్ట కనిపించింది.

కట్ట మీద భీమవ్వ ఉంది. ఆమె వెనక ముప్పై మంది ఉన్నారు.

రాజారాం ఒకరికి భయపడే రకమా? "తప్పుకోకుంటే తొక్కుకుంట పోత!" అని అరిచి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పాడు. బండి ముక్కు పైకెత్తి కట్ట ఎక్కసాగింది. భీమవ్వ అంగుళం కదల్లేదు. ఇంకా పది అడుగులుందనగా ఇంజను దగ్గింది, ఆగిపోయింది. రాజారాం స్టార్టింగ్ లివరు లాగాడు. నాలుగుసార్లు లాగినా ఉలుకూ పలుకూ లేదు.

ఆడవాళ్ళు మీదపడ్డారు. పది పెట్టెలూ కాలువ పాలయ్యాయి. భీమవ్వ మాత్రం పెట్టెల వంక చూడలేదు. నేరుగా మొగుడి మీదికి వెళ్ళింది.

"నా కండ్ల ముంగటనే మందు బండెక్కుతవా!"

చీపురు విరిగేదాకా కొట్టింది. లింబయ్య రెండు చేతులతో తల కప్పుకుని వంగిపోయాడు.

సరుకు పోయినందుకన్నా ఆ దెబ్బలకే రాజారాం మనసు ఎక్కువ కలుక్కుమంది. పాపం, తన కోసం పెళ్ళాన్ని ఎదిరించి నిలబడ్డ మనిషి! సాయంత్రం నొప్పుల మందు డబ్బా ఒకటి కొనుక్కుని లింబయ్య ఇంటికి వెళ్ళాడు. లోపల ఇంకా ఏం జరుగుతోందో ఏమో అని, పిలిచే ముందు తలుపుకు చెవి ఆనించాడు.

"కట్ట ఎక్కుడు మీద పెట్రోలు అందకుండ మంచిగనే వంచినవ్ గానీ," భీమవ్వ గొంతు మెత్తగా వినిపించింది, "గా రాజారాం నమ్మాలె గదా అని జర గట్టిగనే కొట్టిన, బాగ నొస్తున్నదా?"